తీసేసిన కారణం కాగితం మీద ఉండదు

(జాతీయ భద్రతా దినోత్సవం సందర్భంగా అనంతపురంలో కార్మికులు, ఐటీఐ విద్యార్థుల ఎదుట లేబర్ కోర్టు న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం. సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఐటీఐ పిల్లలు కూర్చున్నారు. వెనక నిలబడినవాళ్లను చూస్తుంటే డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండప్పా. నిలబడి వినేంత గొప్ప ఉపన్యాసమేమీ కాదు ఇది.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. 1966లో ఇదే రోజున నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ ఏర్పడింది. ఈ వారమంతా ఫ్యాక్టరీల్లో జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, స్లోగన్ల పోటీ పెట్టి టిఫిన్ క్యారియరో గోడ గడియారమో బహుమతి ఇస్తారు. మంచిదే, కాదనను. కానీ మాట అదే అయినా గోడ మీద రాస్తే ప్రైజు, లాగ్ బుక్కులో రాస్తే షోకాజు. ఇక్కడ ప్రమాదం ఉందని చెప్పినందుకు ఆ షోకాజు నోటీసు, అంటే సంజాయిషీ నోటీసు, పట్టుకుని నా ఆఫీసు మెట్లెక్కిన వాళ్ల గురించే ఇవాళ మాట్లాడతాను.

మన మూడు జిల్లాల సంగతే చూడండి. 2018 జూలై 12న తాడిపత్రిలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు పోయారు. దానికి రంగు లేదు, వాసన లేదు. మీటరు మోగాలి, లేకపోతే పక్కన మనిషి పడిపోతే తప్ప తెలియదు. నెల తిరక్కుండానే ఆగస్టు 3న కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడు. ఒడిశా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు, పది మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పది మంది. ఇవన్నీ పేపర్లలో మొదటి పేజీలో వచ్చినవి. ఒక వేలో ఒక కన్నో పోతే జిల్లా ఎడిషన్‌లో రెండు లైన్లు కూడా రావు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ కమిటీ వేస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. ముందే ఎవరైనా చెప్పారా, చెప్తే ఆ మనిషిని ఏం చేశారు అన్న ప్రశ్న మాత్రం తొందరగా రాదు. 2025 జూన్ 30న తెలంగాణలో పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా చనిపోయారు కదా. అందులో పోయిన ఒక ఉద్యోగి కొడుకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఏముంది? మిషన్లు పాతబడిపోయాయి, ప్రమాదం అని మా నాన్న మేనేజ్‌మెంటుకు ఎన్నోసార్లు చెప్పినా పట్టించుకోలేదని ఉంది. భోపాల్‌లో కూడా అంతే. 1981లో ఫాస్జీన్ అనే విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982 నుంచే రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి ఈ ఊరు అగ్నిపర్వతం మీద కూర్చుందని రాస్తూనే ఉన్నాడు. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో విషవాయువు లీకయ్యేదాకా అది చిన్న పేపరు వార్తే.

ఆ భోపాల్ తర్వాతే, 1987లో, కార్ఖానాల చట్టంలో 41-హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియ జరిగే ఫ్యాక్టరీలో ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడికి అనిపిస్తే, మేనేజర్‌కు చెప్పొచ్చు, అదే సమయంలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పొచ్చు. చెప్పగానే యాజమాన్యం సరిచేయాలి, ఏం చేసిందో ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాలి. ‘అక్కడ ముప్పు లేదు’ అని వాళ్లు అనుకుంటే అది వాళ్లు తేల్చుకునే విషయం కాదు, వెంటనే ఇన్‌స్పెక్టర్‌కు నివేదించాలి, ఆయన మాటే ఖాయం. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. వాటిలో భద్రత, ఆరోగ్యం గురించిన కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. పైగా అది ప్రమాదకర ఫ్యాక్టరీలకే పరిమితం కాలేదు.

బాగుంది కదా? కానీ 41-హెచ్‌ను ఎన్నిసార్లు తిరగేసినా, ‘ఇలా చెప్పినవాణ్ణి పనిలోంచి తీసేయకూడదు’ అన్న వాక్యం అందులో కనపడదు. చెప్పే హక్కు ఒక చట్టంలో పెట్టారు, తీసేస్తే కాపాడే ఏర్పాటు ఇంకో చట్టంలో పెట్టారు. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947, ఐదో షెడ్యూల్. కక్షసాధింపుగా, లేనిపోని కారణం చూపి తీసేయడం ‘అనుచిత కార్మిక విధానం’ అని అక్కడ ఉండేది. దానికి శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! (నవ్వులు) దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ జరిమానాను 10,000 నుంచి 2 లక్షల దాకా చేశారు. షెడ్యూల్ మాత్రం అలాగే ఉంది. 2014లో వచ్చిన విజిల్ బ్లోయర్స్ చట్టం గురించి కొందరు అడుగుతుంటారు. అది ప్రభుత్వంలో అవినీతిని బయటపెట్టేవాళ్ల కోసం చేసింది, దాన్ని కూడా ఇంతవరకు అమల్లోకి తేలేదు. కాబట్టి దాన్ని మరిచిపోండి.

ఇక అసలు విషయం. ఇన్నేళ్లలో నేను చూసిన డిస్మిస్ ఆర్డర్లలో ఒక్కదాంట్లో కూడా ‘భద్రత గురించి ఫిర్యాదు చేసినందుకు తొలగిస్తున్నాము’ అని లేదు. ఉండదు. డ్యూటీలో నిద్రపోయాడని ఉంటుంది. పైఅధికారిని దుర్భాషలాడాడని, చెప్పకుండా పని మానేశాడని ఉంటుంది. ఏదీ దొరక్కపోతే ‘యాజమాన్యానికి నమ్మకం పోయింది’ అని ఉంటుంది. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా, ఆ పేరు పెట్టే కాగితమే షోకాజు నోటీసు. కాబట్టి కోర్టులో మనం నిరూపించాల్సింది వాళ్ల మనసులో ఏముందని కాదు. అది ఎవరివల్లా కాదు. తేదీలు చూపించాలి. మనం చెప్పిన తేదీ ఏది, వాళ్లకు మన తప్పులు కనపడడం మొదలైన తేదీ ఏది? చాలా కేసుల్లో అంతా అక్కడే ఉంటుంది.

ఒక కేసు చెప్తాను. మనిషి పేరు, ఫ్యాక్టరీ పేరు వద్దు. సిమెంటు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్, పర్మనెంటు. క్రషర్ నుంచి సున్నపురాయి వచ్చే కన్వేయర్ బెల్టు ఆయన డ్యూటీ. బెల్టు పక్కన పొడవునా ఒక తాడు ఉంటుంది, పుల్ కార్డ్ అంటారు. ఎవరి చెయ్యో, చీర చెరుగో, తుండుగుడ్డో రోలర్‌లో పడితే ఆ తాడు లాగాలి, బెల్టు ఆగిపోతుంది. పిల్లలూ, మీరు చదివిందే ఇది, ఎమర్జెన్సీ స్టాప్. దుమ్ము పట్టి ఆ స్విచ్ ఊరికే ట్రిప్ అవుతోంది. ట్రిప్ అయితే ప్రొడక్షన్ ఆగుతుంది, పైనుంచి ఫోన్ వస్తుంది. అందుకని ఎవరో స్విచ్ లివర్‌ను బైండింగ్ వైరుతో కట్టేసినారు. ఇప్పుడు తాడు ఎంత లాగినా బెల్టు ఆగదు. తాడు మాత్రం అందంగా వేలాడుతూ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు కనపడేట్టు.

ఈయన కటింగ్ ప్లేయర్‌తో వైరు తెంచేశాడు. మర్నాడు వచ్చేసరికి మళ్లీ కట్టి ఉంది. మళ్లీ తెంచాడు, లాగ్ బుక్కులో రాశాడు: ఫలానా నంబరు స్విచ్, వైరుతో కట్టి ఉంది, కొత్తది కావాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి పిలిచి, “ఏమప్పా, నీకొక్కనికే కనపడిందా? ఇంతమంది పని చేస్తాండ్లేదా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు” అన్నాడు. ఈయన ఎదురు మాట్లాడలేదు. ఇంటికి పోయి తెల్లకాగితం మీద మేనేజర్‌కు అర్జీ రాశాడు. తెలుగులోనే రాశాడు. మర్నాడు టైం ఆఫీసులో ఇచ్చి, జిరాక్స్ మీద అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్నాడు. ఎందుకు వేయించుకున్నావయ్యా అని తర్వాత అడిగాను. “మా నాయన రైతు సార్, తహసీల్దారు ఆఫీసులో ఏం ఇచ్చినా స్టాంపు లేకుండా వచ్చేవాడు కాదు” అన్నాడు.

ఆ స్టాంపు మీద తేదీ 3. షోకాజు నోటీసు తేదీ 11. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేని మనిషికి ఎనిమిది రోజుల్లో నిద్రపోయే జబ్బు వచ్చేసింది. రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ప్యానెల్ రూంలో నిద్రపోతుండగా పట్టుకున్నామన్నారు. పట్టుకున్నది ఎవరు? ఆ ఇన్‌చార్జే. సస్పెండ్ చేసినారు, ఎంక్వయిరీ పెట్టినారు, డిస్మిస్ చేసినారు. ఆ రాత్రి 2:30కి, 3:00కి రీడింగులు ఈయన చేతిరాతతోనే లాగ్ బుక్కులో ఉండాలి. ఆ బుక్కు తెప్పించమని కోర్టులో పిటిషన్ వేశాం. ‘దొరకడం లేదు’ అని జవాబు. అంత పెద్ద ఫ్యాక్టరీలో అదొక్కటే దొరకలేదు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఇన్‌చార్జిని నిద్ర గురించి నేను ఎక్కువ అడగలేదు. వైరు గురించి అడిగాను. మొదట తెలియదన్నాడు. స్టాంపు ఉన్న అర్జీ చూపించాను. అప్పుడు, “ట్రిప్పింగ్ ఎక్కువుంటే టెంపరరీగా కడుతుంటారు” అన్నాడు. కడుతుంటారు అంటే ఎవరు, ఎవరు చెప్తే, ఎన్నాళ్లు అని అడిగితే జవాబు లేదు. ఆ ఒక్క వాక్యం మా కేసును నిలబెట్టింది. సర్వీసు కొనసాగింపుతో మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమని, పని లేని కాలానికి రావాల్సిన పాత జీతంలో సగం ఇవ్వమని ఆర్డర్ వచ్చింది. వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లన్నీ ఆయన ప్రొద్దుటూరులో మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో కూర్చున్నాడు. గెలిచాడు అనాలా? ఉద్యోగం దొరికింది. కూతురి చదువు మాత్రం ఇంటర్‌తో ఆగిపోయింది. ఆమె ఎంసెట్ కోచింగ్‌కు పెట్టుకున్న డబ్బు మొదటి ఏడాదే ఖర్చయిపోయింది. లేబర్ కోర్టుకు పోండి అని నేను వేదికల మీద చెప్పేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టను.

పాత జీతం దగ్గర ఒక మెలిక ఉంది. తప్పుడు తొలగింపు అని తేలితే జీతం బకాయిలతో తిరిగి తీసుకోవడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 2013లో దీపాలి గుండు సుర్వసే కేసులో చెప్పింది. అయితే ‘ఈ కాలంలో నాకు వేరే సరైన ఉద్యోగం లేదు’ అని మనం ముందు చెప్పాలి. అప్పుడు, ఉంది అని నిరూపించే భారం యాజమాన్యం మీద పడుతుంది. కొందరు భయపడి రీవైండింగ్ షాపు సంగతి, ఆటో తోలిన సంగతి దాచేస్తారు. దాచకండి. కడుపు నింపుకోవడానికి చేసిన కూలి వేరు, ఆ ఉద్యోగంతో సమానమైన ఉద్యోగం వేరు. దాచి దొరికిపోతే మిగతా నిజాల మీద కూడా జడ్జికి అనుమానం వస్తుంది.

సూపర్‌వైజర్ల సంగతి ఇంకా ఇబ్బంది. తొలగింపు నుంచి చట్టం కాపాడేది ‘వర్క్‌మన్’ను, అంటే కార్మికుణ్ణి మాత్రమే. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 10,000 దాటి తీసుకుంటే పాత చట్టంలో వర్క్‌మన్ కాదు. కొత్త కోడ్‌లో ఆ గీత 18,000కు జరిపారు. అంటే పని మొదలుపెట్టే పర్మిట్ మీద సంతకం పెట్టాల్సినవాళ్లు, ‘ఆపండి’ అనాల్సినవాళ్లు, సేఫ్టీ ఆఫీసర్ లాంటివాళ్లు, చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు గొడుగు బయట ఉన్నారు! ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఒక్కటే ఊరట: బ్యాడ్జీ మీద ఏం రాసుందని కాదు, రోజూ చేసే అసలు పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. పేరుకు ‘అసిస్టెంట్ మేనేజర్’ అని పెట్టి పానా పట్టిస్తుంటే అతను వర్క్‌మనే. అందుకని మీ పని ఏమిటో చెప్పే జాబ్ కార్డులు, డ్యూటీ చార్టులు పారేయకండి.

ఇప్పటిదాకా చెప్పింది పర్మనెంటు వాళ్ల కథ. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు అని నాకు తెలుసు. మీకు షోకాజు ఇవ్వరు, ఎంక్వయిరీ ఉండదు. గేటు దగ్గర పాస్ తీసుకుని ‘రేపట్నుంచి రావద్దు’ అంటారు, అంతే. అదే ఫ్యాక్టరీ లాంటి ఇంకో ఫ్యాక్టరీలో బెల్టు కింద రాలిన రాయిని పారతో ఎత్తే ఆడవాళ్లు ఉంటారు. బెల్టు చివర తిరిగే చక్రానికి, టెయిల్ పుల్లీ అంటారు, కాపుగా ఉండాల్సిన జాలీ తీసేసి పక్కన పడేసినారు, అది ఉంటే పార ఆడదని. ఒకామె మేస్త్రీని అడిగింది: “అన్నా, చెరుగు పడితే ఏం గతి?” రెండు రోజులు అడిగింది. మూడో రోజు పాస్ లేదు. ఫ్యాక్టరీ వాళ్లేమో ‘ఆమె మా మనిషి కాదు’ అన్నారు. కాంట్రాక్టర్ ‘పని అయిపోయింది’ అన్నాడు.

ఆమె దగ్గర కాగితం అంటూ ఏమీ లేదు. పీఎఫ్ నంబరు ఉంది, దాంతో పాస్‌బుక్ తీస్తే ఏ కాంట్రాక్టర్ కింద ఎన్ని నెలలు పని చేసిందో వచ్చింది. ఇంకొకటి ఫోన్‌లో ఉంది, మేస్త్రీ పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్: “అమ్మా, నువ్వు ఎక్కువ మాట్లాడతావంట, సార్ వద్దంటున్నాడు, ఇంకో మనిషిని చూసుకుంటా.” ఆ మేస్త్రీ మంచివాడే, ఆమెకు ఉన్న మాట చెప్పాలనుకున్నాడు. అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ముందు ఆ మెసేజ్ వినిపించాం. కాంట్రాక్టర్ ముఖం చూడాలి మీరు. కోర్టు దాకా పోలేదు, మళ్లీ పనిలోకి తీసుకున్నారు. జాలీ కూడా బిగించారట. చట్టం ప్రకారం ఫ్యాక్టరీ లోపల భద్రత విషయంలో కాంట్రాక్టు మనిషి, సొంత మనిషి అన్న తేడా లేదు. ఉద్యోగం విషయానికి వచ్చేసరికే ఆ తేడా అంతా.

పద్ధతి త్వరగా చెప్పేస్తాను. ఆపేసిన రోజే ఒక ఉత్తరం పంపండి: ‘ఇవాళ ఫలానా షిఫ్టుకు వచ్చాను, గేటు దగ్గర ఆపారు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను’ అని. ఇది పంపకపోతే రెండు నెలల తర్వాత ‘అతనే పని మానేసి పోయాడు’ అంటారు. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసినారు, స్పీడ్ పోస్టే చేసి రసీదు ఉంచుకోండి. తర్వాత లేబర్ ఆఫీసులో రాజీ అధికారి దగ్గర దరఖాస్తు. పాత చట్టంలో తొలగించిన తేదీ నుంచి మూడేళ్ల దాకా లేబర్ కోర్టుకు పోయే వీలుండేది. కొత్త కోడ్‌లో రెండేళ్లు దాటితే రాజీ అధికారి ఆ వివాదాన్ని ముట్టుకోడు. అక్కడ కుదరకపోతే ఆయన రిపోర్టు అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు పోవాలి. సస్పెన్షన్‌లో ఉంటే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత మీ వల్ల ఆలస్యం కాకపోతే ముప్పావు వంతు ఇవ్వాలి. ఎంక్వయిరీకి పిలిస్తే పోండి. పోకపోతే వాళ్లకు అదొక వరం.

రాజీనామా మీద మాత్రం సంతకం పెట్టకండి. ‘డిస్మిస్ అయితే ఇంకెక్కడా ఉద్యోగం రాదు, రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ బాగా చేస్తాం’ అని మంచిగానే చెప్తారు, కాఫీ కూడా తెప్పిస్తారు. ఆ కాఫీ తాగండి, సంతకం వద్దు.

ఇక అడగండి.

(ఒక కార్మికుడు: సార్, ఫోటో తీసి పెట్టుకుంటే సరిపోదా?)

చాలా ఫ్యాక్టరీల్లో లోపలికి ఫోన్ తీసుకుపోకూడదన్న రూల్ ఉంది. అప్పుడు ఆ ఫోటోనే నీ మీద చార్జిషీట్ అవుతుంది. రాయడానికి ఏ రూలూ అడ్డం కాదు. ఏ మిషన్, ఏ చోట, ఏ తేదీ, ఏ షిఫ్టు, నువ్వు ఎవరికి చెప్పావు, ఏమన్నారు. పెన్సిల్‌తో బొమ్మ గీసినా సరే. ‘ఇక్కడ సేఫ్టీ బాగాలేదు’ అని రాస్తే మాత్రం దానికి విలువ లేదు.

(ఒక మహిళ: పేరు లేకుండా ఇన్‌స్పెక్టర్‌కు రాయొచ్చా సార్?)

రాయొచ్చమ్మా. పేరు పెట్టి రాసినా ఆయన ఫిర్యాదు ఎవరిచ్చారో బయటపెట్టకూడదు, ఫిర్యాదు మీద వచ్చానని కూడా యాజమాన్యానికి చెప్పకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందంలో అది ఉంది, మన దేశం దాన్ని 1949లోనే ఆమోదించింది. కాకపోతే నలుగురు పనిచేసే చోట ఎవరు రాశారో కనుక్కోవడం ఎంతసేపు? పేరు లేకుండా రాసి, తర్వాత నిన్ను తీసేస్తే, ఆ ఫిర్యాదు నీదేనని చూపడం కష్టం. నా సలహా అడిగితే ఒక్కరు రాయొద్దు. పది మంది సంతకాలు పెట్టండి. యూనియన్ ఉంటే యూనియన్ లెటర్‌హెడ్ మీద పోవాలి, సేఫ్టీ కమిటీ ఉంటే దాని సమావేశం మినిట్స్‌లో ఎక్కాలి. పది మందిని ఒకేసారి నిద్రపోయారని తీసేయలేరు కదా. (నవ్వులు)

(ఒక ఐటీఐ విద్యార్థి: నేను అప్రెంటిస్‌గా చేరాను సార్. నాకు ఇవన్నీ వర్తిస్తాయా?)

మంచి ప్రశ్న. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం నువ్వు ట్రైనీవి, వర్కర్‌వి కాదు. అందుకని తీసేస్తే లేబర్ కోర్టు దారి నీకు లేదు. కాంట్రాక్టు మీద తగాదా వస్తే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ దగ్గరికి పోవాలి. కానీ భద్రత, ఆరోగ్యం విషయంలో మాత్రం వర్కర్‌కు ఉన్నవన్నీ నీకూ ఉన్నాయి, ఆ చట్టమే చెప్తోంది. గార్డ్ లేని మిషన్ మీద నిలబెడితే నువ్వు అడగొచ్చు. అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్టు కాపీ నీ దగ్గరుందా? లేదా? మరి రేపు పోయి అడుగు. నోటితో కాదు, రాసి ఇచ్చి, స్టాంపు వేయించుకో.